11 కోట్ల 'త్యాగం' అని రాసే ముందు

తమ్ముడూ,

ఎన్‌బీఏలో (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) న్యూయార్క్ నిక్స్ జట్టుకు ఆడే బ్రన్‌సన్ మీద నువ్వు పంపిన వ్యాసం ముసాయిదా చదివాను. 'నిక్స్ కోసం 11 కోట్ల డాలర్ల త్యాగం' అని శీర్షిక పెట్టావు. అంకె సరైనదే, పోలికే తప్పు.

జేలెన్ బ్రన్‌సన్ 2024 జులైలో నాలుగేళ్ల ఎక్స్‌టెన్షన్‌కు (ఉన్న ఒప్పందం పొడిగింపుకు) సంతకం పెట్టాడు, మొత్తం 15.65 కోట్ల డాలర్లు. ఏడాది ఆగి 2025లో ఫ్రీ ఏజెంట్ (ఒప్పందం నుంచి బయటపడి, ఏ జట్టుతోనైనా మాట్లాడుకోగల ఆటగాడు) అయితే నిక్స్ ఐదేళ్లకు 26.91 కోట్ల దాకా ఇవ్వగలిగేది. నువ్వు ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేశావు. ఒక పక్క నాలుగేళ్లు, మరో పక్క ఐదు. ఎక్స్‌టెన్షన్ అయిపోయాక ఆ ఐదో ఏడాది అతను ఊరికే ఆడడు కదా!

ఒక కాగితం తీసుకుని రెండు వరసలు గీయి. మొదటి వరస సంతకం పెట్టిన ఎక్స్‌టెన్షన్‌ది, 2025-26లో 3.49 కోట్లతో మొదలవుతుంది. ఎందుకంటే ఇలాంటి ఎక్స్‌టెన్షన్‌లో మొదటి ఏడాది జీతం పాత జీతానికి 140 శాతం దాటకూడదు. అతని 2024-25 జీతం సుమారు 2.5 కోట్లు. అంటే ఆ రోజు నిక్స్ ఇవ్వగలిగిందంతా ఇచ్చింది, బేరమాడి తగ్గించలేదు. ఇది నీ ముసాయిదాలో ఎక్కడా లేదు. రెండో వరస ఆగి ఉంటే వచ్చేది, 4.64 కోట్లతో మొదలవుతుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాడికి గరిష్ఠం శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి) 30 శాతం. రెండు వరసల్లోనూ ఏటా పెంపు మొదటి ఏడాది జీతంలో 8 శాతం. ఏటేటా పెరిగిన జీతం మీద లెక్క కట్టకు, కొత్తవాళ్లు పొరబడేది అక్కడే.

ఇప్పుడు కూడు. నాలుగేళ్లకు 15.65, 20.78. తేడా 5.13 కోట్లు. అక్కడా ఆగకు. 2028-29 ఏడాది ప్లేయర్ ఆప్షన్, ఉండాలో వద్దో అతని ఇష్టం. కాబట్టి 2028 వేసవి దాకా, మూడేళ్లకే పోల్చాలి. 11.32, 15.03. తేడా 3.71 కోట్లు. చిన్న మొత్తమేం కాదు, కానీ 11 కోట్లు కాదు. 2018లో లీగ్‌లోకి వచ్చాడు గనక 2028కి పదేళ్లు నిండుతాయి, గరిష్ఠం క్యాప్‌లో 35 శాతానికి ఎక్కుతుంది. అతని కథంతా ఆ తేదీ మీదే నడుస్తోంది. అప్పటికి వయసు 32కు దగ్గరవుతుంది, మోకాలు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఆ అనుమానం కూడా ఒక వాక్యంలో రాయి.

ఇదే ఆటగాడు 2022లో అవతలి వైపున్నాడు. అప్పటి జట్టు డాలస్‌లో సుమారు 5.5 కోట్ల ఎక్స్‌టెన్షన్ కుదరలేదు, ఆ వేసవి ఫ్రీ ఏజెంట్‌గా న్యూయార్క్ నుంచి 10.4 కోట్లు తెచ్చుకున్నాడు. ఆగడం అప్పుడు కలిసొచ్చింది. అందుకే విధేయత, అత్యాశ అనే మాటలు తీసెయ్.

ఆగి చేతులు కాల్చుకున్నవాళ్లను కూడా చూపించు. డెనిస్ ష్రోడర్ 2021లో లేకర్స్ ఇవ్వజూపిన 8.4 కోట్ల నాలుగేళ్ల ఒప్పందం కాదన్నాడని వార్తలొచ్చాయి. ఆ వేసవిలోనే బోస్టన్‌లో ఒక్క ఏడాదికి సుమారు 59 లక్షలకు చేరాడు. క్యాప్‌లో చోటున్న జట్లు తమ పని ముగించుకున్నాక మిగిలేవి క్యాప్ నిండిన జట్లు కూడా వాడుకోగల ఇలాంటి చిన్న మినహాయింపులే. జిమ్మీ బట్లర్ మాత్రం 2014లో బుల్స్‌తో ఎక్స్‌టెన్షన్ వద్దనుకుని, మరుసటి ఏడాది అదే జట్టు నుంచి ఐదేళ్లకు 9 కోట్లకు పైగా రాబట్టాడు.

ఇక చిన్న సంగతులు. 10 మిలియన్లు ఒక కోటి. ఒకచోట నువ్వు 156 కోట్లు అని రాశావు, పది రెట్లు పెరిగిపోయింది! రూపాయల్లోకి మార్చకు, రేటు మారితే నీ వ్యాసం పాతబడుతుంది. ఐపీఎల్ వేలంతో పోల్చిన పేరా కొట్టేశాను. వేలంలో ఎవరు కొంటే వాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే, ఫ్రీ ఏజెంట్ జట్టును తనే ఎంచుకుంటాడు. మన పాఠకుడికి ఆ పోలిక దారి చూపించదు, తప్పిస్తుంది.

26.91 కోట్లు కూడా 2024లో అంచనాయే. క్యాప్ ఏడాదిలో 10 శాతానికి మించి పెరగకూడదు, ఆ పది శాతమూ పెరుగుతుందనుకుని వేసిన లెక్క అది. తర్వాత అలాగే పెరిగింది. అయినా '2024 నాటి అంచనా ప్రకారం' అని రాయి. 2028కి చెప్పే అంకెలకైతే అది తప్పనిసరి.

రెండు వరసల కాగితం ఫొటో తీసి ముసాయిదాతో పాటు పంపు. శీర్షిక తర్వాత చూద్దాం.