మానిన బొప్పి, నెలన్నర తర్వాత మగత

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. గుండెకు స్టెంటు వేశారు కనుక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. నెలన్నర కిందట బాత్‌రూములో జారిపడితే తలకు బొప్పి కట్టింది. ఆనాటి సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. వారం రోజులుగా పగలు కూడా మగతగా ఉంటున్నారు, నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయినా గమనించడం లేదు. ఇది వయసు ప్రభావమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వయసు మీదకు నెట్టేయకండి. ఈ రోజే న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లి మళ్లీ సీటీ స్కాన్ చేయించండి. వయసు పైబడి మెదడు కొంత కుంచించుకుపోయినప్పుడు పుర్రెకూ దానికీ మధ్య ఖాళీ పెరిగి, ఆ ఖాళీని దాటే సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి చిట్లవచ్చు, ఊరిన రక్తం చుట్టూ పొర ఏర్పడి, ఆ పొరలోని బలహీనమైన కొత్త రక్తనాళాలు మళ్లీ మళ్లీ కారుతూ, 3 వారాల నుంచి కొన్ని నెలల వ్యవధిలో మెదడును నొక్కుతాయి. దీన్ని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. కనుక తొలిరోజు స్కాన్ ఇచ్చిన భరోసా ఇప్పటికి చెల్లదు. ఒత్తిడి ఎడమవైపు ఉంటే కుడి కాలూచెయ్యీ బలహీనపడతాయి. ఆ చెప్పు సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఇలాంటి చిన్న వివరాలే ఇంట్లోవాళ్లు తరచూ మరిచిపోతుంటారు.

అవసరమైతే పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి రక్తాన్ని తీసేస్తారు. చాలామంది బాగా కోలుకుంటారు, కొందరిలో మళ్లీ చేరుతుంది. స్టెంటు ఉంది కాబట్టి మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, ఆ చీటీ వెంట తీసుకువెళ్లండి. వాంతులు, మూర్ఛ, లేపినా లేవకపోవడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి.