ఆపరేషన్ అయిన కుక్కకి అత్తగారి మాత్రలా?

ప్రశ్న: మా లాబ్రడార్ రోజీకి రెండేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఐదు రోజులైంది. కుట్లు నాకకుండా మెడకి తొడిగే కోన్ ఉంటే తిండి తినడం లేదని పగలంతా తీసేస్తున్నాం. రెండో రోజు ఒళ్లు వేడిగా ఉందని మా అత్తగారి మోకాళ్ల నొప్పి మాత్ర సగం వేస్తే హుషారైంది. నిన్నటిదాకా రోజూ అలాగే వేశాం. కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె రాస్తున్నాం. స్నానం ఎప్పుడు చేయించాలి? బీచ్‌కి ఎప్పుడు తీసుకెళ్లొచ్చు? ఆపరేషన్ తర్వాత లావెక్కుతుందంటారు, నిజమేనా? వచ్చే నెల మా పిల్లికీ చేయిస్తున్నాం. మిగిలిన మాత్రలు దానికి దాచాం.
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: స్నానం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మాత్రల స్ట్రిప్ తీసి పేరు చదవండి. మోకాళ్ల నొప్పులకి మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినవి, లేదంటే డైక్లోఫెనాక్. ఈ రెండింట్లో ఏదైనా సరే, ఇంకొక్కటి కూడా వెయ్యొద్దు. ఆ స్ట్రిప్ పట్టుకుని, రోజీని తీసుకుని, ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి ఈరోజే వెళ్లండి. తిట్టినా ఫరవాలేదు, ఎన్ని మాత్రలు వేశారో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎందుకంటే, ఈ ఆపరేషన్‌కి మా పశువైద్యులం సాధారణంగా మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇంజెక్షన్ ఇస్తాం. ఇంటికి రాసిచ్చే సిరప్పో మాత్రో కూడా చాలాసార్లు అదే మందు. దాని మీద మీరు అదే కోవకి చెందిన మరో మందు వేశారు. రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నొప్పి తగ్గింది కాబట్టి హుషారుగానే ఉంటుంది. లోపల జరిగే నష్టం మాత్రం కొన్ని రోజులదాకా బయటపడకపోవచ్చు. వాంతులు, తారులాంటి నల్లటి విరేచనం, మరీ ఎక్కువగా నీళ్లు తాగడం, చిగుళ్లు పాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రా పగలా అని చూడకుండా వెళ్లాలి. కోన్ వల్ల తినడం లేదని మీరంటున్నారు. కడుపులో మంట వల్ల తినడం లేదేమోనని నా అనుమానం. చూడకుండా ఖాయంగా చెప్పలేను. అందుకే వెళ్లమంటున్నాను.

అసలు జ్వరమే వచ్చిందో లేదో. కుక్కకి మామూలుగానే ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ముక్కు ఎండిపోయిందా, చెవులు వేడిగా ఉన్నాయా అన్నది లెక్కలోకి రాదు. డిజిటల్ థర్మామీటర్‌కి కాస్త వాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడండి. 103 దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయండి, మందుల డబ్బా వెతక్కండి.

పశువైద్యంలో డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఆ నిషేధం, ఈ మందులు వేసిన పశువుల కళేబరాలు తిని చచ్చిపోతున్న రాబందులను కాపాడటానికి వచ్చింది. కుక్కలకు కూడా దానివల్ల మేలే, కానీ ఇంట్లో ఉన్న మాత్రలను ఏ చట్టం ఆపుతుంది?

ఇక పిల్లి. నన్ను ఎక్కువ భయపెట్టింది మీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. గంటల్లోనే చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ఆస్పత్రిలో విరుగుడు ఇవ్వొచ్చు, ఆలస్యమైతే అదీ పనిచేయకపోవచ్చు. చిన్న ముక్కే కదా అనుకోవద్దమ్మా. ఆ మాత్రలు అత్తగారికే వదిలేయండి.

పసుపు, నూనె ఆపండి. పసుపు రాస్తే ఎరుపు, చీము కనబడవు. నూనె వాసనకి రోజీ ఇంకా నాకుతుంది, దుమ్మూ అంటుకుంటుంది. మన విశాఖ ఉక్కపోతలో తడిగా ఉన్న గాయం మీద ఈగలు వాలితే పురుగులు పడటానికి ఎక్కువ రోజులు పట్టదు. డాక్టర్ రాసిందేదో అదే వాడండి, రాయకపోతే పొడిగా వదిలేయండి. రోజుకి రెండుసార్లు కుట్లు చూడండి. అంచుల్లో కొద్దిగా గట్టిపడటం మామూలే. చీము, దుర్వాసన, కారడం, కుట్లు విడిపోవడం, వాపు పెరగడం మామూలు కాదు.

నాకితే గాయం మానుతుందని చాలామంది నమ్ముతారు. నేను చూసేది నాకి, కొరికి, కుట్లు ఊడదీసుకున్న కుక్కల్ని. కోన్ కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, పగలూ రాత్రీ ఉండాలి. గిన్నెని చిన్న పీట మీద పెట్టండి. అప్పటికీ తినలేకపోతే తినేంతసేపు దగ్గర కూర్చుని తీసి, వెంటనే మళ్లీ తొడగండి.

మీరడిగినవి: స్నానం కుట్లు తీశాక, డాక్టర్ సరేనన్నాకే. బీచ్ కూడా అంతే. ఇసుకా ఉప్పునీళ్లూ ఒక బాధ, అక్కడి కుక్కలతో పరుగులు మరో బాధ. అప్పటిదాకా బెల్టు కట్టి, కాలకృత్యాలకి మాత్రమే బయటికి. సోఫాలు ఎక్కనివ్వద్దు, మేడమెట్లు దిగనివ్వద్దు. లావెక్కే మాట నిజమే. ఆపరేషన్ తర్వాత ఆహారం అవసరం తగ్గుతుంది. గాయం మానాక ఇప్పుడు పెట్టే తిండిలో ఐదోవంతు దాకా కోత పెట్టాల్సి రావచ్చు, బరువు చూసి మీ డాక్టర్ చెబుతారు. ఇప్పుడైతే తగ్గించొద్దు, ముందు సరిగ్గా తిననివ్వండి.