గుంటూరు సంఘంలో పెరిగిన పిల్ల మీద నవల రాసేముందు ఏ సంఘమో తేల్చుకోండి

మీరు అడిగింది: గుంటూరులో బాగా కట్టుబాట్లున్న క్రైస్తవ కుటుంబంలో పెరిగే అమ్మాయి మీద నవల రాస్తున్నారు. తొమ్మిదో ఏట మొదలై పద్దెనిమిదో ఏట ముగుస్తుంది. చదివినవాళ్ళు 'ఇది బయటివాళ్ళు రాసింది' అనకుండా ఏం చూసుకోవాలి?

ముందు ఏ సంఘమో తేల్చండి. 'క్రైస్తవ కుటుంబం' అని ఊరుకుంటే ఇరవై పేజీల్లో దొరికిపోతారు. 1842లో అమెరికా నుంచి మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిన దగ్గర్నుంచీ గుంటూరులో లూథరన్లు (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) ఉన్నారు. వాళ్ళలో చంటిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు, పెద్దయ్యాక విశ్వాసాన్ని తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్ ఉంటుంది, నగలకి అభ్యంతరం లేదు. జపమాల, పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం), ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మాత ఉత్సవాలు కథోలికులవి. మీరు చెప్పిన కట్టుబాట్లు, అంటే బంగారం, బొట్టు, పూలు, సినిమా వద్దనడం, ఎక్కువగా పెంతెకొస్తు సంఘాల్లోనూ సువార్తికుడు భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాల్లోనూ కనపడతాయి. ఆ రెండూ కూడా ఒకటి కాదు. పెంతెకొస్తు వాళ్ళు ప్రార్థనలో పరిశుద్ధాత్మ పలికిస్తుందని నమ్మే తెలియని భాషల్లో మాట్లాడతారు, పాస్టరుగారి మాటకి బరువెక్కువ. హెబ్రోను తరహాలో సహోదరులు ఒక్కొక్కరే లేచి ప్రార్థిస్తారు, పెద్దలు కలిసి నిర్ణయిస్తారు, ఆరాధన గంటల తరబడి సాగాక ప్రేమవిందు, అంటే అందరూ కలిసి తినే భోజనం ఉంటుంది. ఇలాంటి ఇంట్లో నాయనమ్మ చేతికి జపమాల ఇచ్చారా, తెలిసినవాళ్ళు అక్కడే పుస్తకం మూసేస్తారు.

తర్వాత ఒక వారం టైంటేబుల్ కాగితం మీద వేయండి. ఆదివారం ఆరాధన, దానికి ముందో వెనకో సండే స్కూలు, వారం మధ్యలో గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన. దానికి మే నెలలో వీబీఎస్ (పిల్లల వేసవి బైబిలు బడి), డిసెంబరు 31 రాత్రి కూడిక కలపండి. ఇప్పుడు ఆ పిల్లకి ట్యూషన్ ఎప్పుడు, ఆటలెప్పుడు, స్నేహితురాలి పుట్టినరోజుకి ఎప్పుడు వెళ్తుంది? ఘర్షణ అక్కడే పుడుతుంది. 'మా ఇంట్లో చాలా స్ట్రిక్టు' అని ఒక్కసారి కూడా రాయక్కర్లేదు.

మాటలు జాగ్రత్త. ఇంట్లో గుంటూరు యాసే మాట్లాడినా, కళ్ళు మూసుకోగానే భాష పాత బైబిలు తెలుగులోకి మారిపోతుంది. 'పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ దినమున నీ పాదసన్నిధికి వచ్చియున్నాము' అంటూ ఉన్న అమ్మ, కుక్కరు మూడో కూత వేయగానే కళ్ళు తెరవకుండానే 'ఒసేయ్, కట్టేసి రా' అని, మళ్ళీ 'నీకే స్తోత్రములు తండ్రీ' అని అందుకుంటుంది. ఇలాంటి ప్రార్థన పుస్తకం మొత్తంలో ఒక్కసారే పూర్తిగా రాయండి, మిగతా చోట్ల రెండు వాక్యాలు చాలు. పలకరింపు 'వందనాలు' లేదా 'ప్రైజ్ ద లార్డ్'. పాస్టరుని అయ్యగారు, ఆయన భార్యని అమ్మగారు అంటారు. బయటివాళ్ళని అన్యులు, లోకస్థులు అంటారు. అది తిట్టనే స్పృహ ఇంట్లో ఎవరికీ ఉండదు. దసరా సెలవులయ్యాక పక్కింటి పాప ప్రసాదం పెడితే ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డప్పుడే ఆ మాట పిల్లకి గుచ్చుకోవాలి.

శిక్ష విషయంలో చాలామంది రచయితలు నాన్న చేత బెల్టు తీయిస్తారు. అంతకన్నా గట్టిది ప్రభుబల్లకి, అంటే ఆరాధనలో రొట్టె, గిన్నె పంచుకోవడానికి దూరం పెట్టడం. రొట్టె పళ్ళెం వరసలో చేతులు మారుతూ వస్తుంది. ఆపబడ్డ మనిషి దాన్ని అందుకుని, తీసుకోకుండా పక్కవాళ్ళకి ఇవ్వాలి. గిన్నె వచ్చినప్పుడూ అంతే. ముసుగుల చాటునుంచి వరసంతా చూస్తుంది. అన్యుణ్ణి పెళ్ళాడిన పిన్నికి ఇది జరిగితే, పక్కన కూర్చున్న మీ అమ్మాయికి ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

దాదాపు అందరూ వదిలేసేది కుల సర్టిఫికెట్టు. మీ కుటుంబం దళిత కుటుంబమైతే అది లేకుండా నవల నిలవదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకి పరిమితం చేసింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికొస్తారు. దానికి 1 శాతం రిజర్వేషను, ఎస్సీలకి 15 శాతం. అందుకే కొన్ని ఇళ్ళలో పిల్లకి రెండు పేర్లు: హాజరుపట్టీలో హిందూ పేరు, మందిరంలో క్రైస్తవ పేరు. అబద్ధం పాపమని సండే స్కూల్లో బహుమతి తెచ్చుకున్న పిల్ల ఇంజనీరింగు కౌన్సెలింగుకి ఏ కాగితం పట్టుకెళ్తుంది? నాన్న ఏం చెబుతాడు, అయ్యగారు ఏం చూడనట్టు ఊరుకుంటాడు? నాకైతే నవలకి వెన్నెముక ఇదే అనిపిస్తుంది, ఇంట్లోంచి పారిపోవడం కాదు. పారిపోయి హైదరాబాదు బస్సెక్కే ముగింపులు ఇప్పటికే చాలా ఉన్నాయి.

బాప్తిస్మం సన్నివేశం ఎలాగూ రాస్తారు. పెంతెకొస్తు, హెబ్రోను సంఘాల్లో మనిషిని పూర్తిగా నీళ్ళలో ముంచి లేపుతారు, అదీ ఊహ తెలిసి, విశ్వాసం ఒప్పుకున్నాకే. కృష్ణా కాలవలో పెడితే నెల చూసుకోండి. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, మే నెలలో బందరు కాలవలో నడుంలోతు నీళ్ళు రాస్తే విజయవాడవాళ్ళు నవ్వుతారు. ఎండాకాలమే కావాలంటే బ్యారేజీకి ఎగువన నదిలో గానీ, మందిరంలో సిమెంటు తొట్టిలో గానీ పెట్టండి.

ఇంకొకటి. కనీసం మొదటి మూడోవంతు వరకూ ఆ పిల్ల నమ్మాలి, ఇష్టంగా నమ్మాలి. పాటలు, కంఠత వాక్యాలకిచ్చే చిన్న బహుమతులు, జబ్బు చేస్తే ఇంటికొచ్చి రాత్రంతా మోకాళ్ళ మీదుండే ఆడవాళ్ళు, ప్రేమవిందులో వడ్డించే చేతులు, ఇవన్నీ ఉండాలి. లేకపోతే ఆమె పోగొట్టుకునేదేంటో పాఠకుడికి తెలియదు. అయ్యగారిని దొంగగా చూపిస్తే పని సులువవుతుంది గానీ కథ చిన్నదైపోతుంది. నిజాయితీపరుడూ, పేదవాడూ అయిన అయ్యగారు 'వద్దు' అంటేనే ఎదిరించడం కష్టం.

రాతప్రతి ఇద్దరి చేత చదివించండి: ఇప్పటికీ సంఘంలో ఉన్న ఒకరు, బయటికొచ్చేసిన ఒకరు. ఇద్దరూ ఒకే చోట అభ్యంతరం చెబితే అక్కడ వివరం తప్పని లెక్క. పేర్లు మార్చడంతో పాటు చిరునామా కూడా మార్చండి. బ్రాడీపేటలో లైను నంబరూ అడ్డరోడ్డు నంబరూ రాస్తే చాలు, మందిరం ఏదో, పాస్టరుగారెవరో గుంటూరంతా చెప్పేస్తుంది.