సారా వ్యతిరేక ఉద్యమం మీద పీహెచ్‌డీ: రికార్డుల్లో ఆడవాళ్ళు కనిపించకపోతే ఎక్కడ వెతకాలి?

మీ టాపిక్ సారా ఉద్యమం, మహిళా సంక్షేమ శాఖ కాగితాలు ఎన్ని తిరగేసినా ఆడవాళ్ళ గొంతు ఎక్కడా దొరకట్లేదు, ఎలా అని అడిగారు. నేనూ నెల్లూరు జిల్లా మీదే పనిచేశాను కాబట్టి నాకు పనికొచ్చిన దారి చెప్తాను.

ముందు ఆ సంక్షేమం ఫైళ్ళు పక్కన పెట్టి ఎక్సైజ్ వైపు వెళ్ళండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అనే ఊళ్ళో రాజుకున్న ఉద్యమం జిల్లా అంతా పాకాక ఆడవాళ్ళు గురిపెట్టింది సారా అమ్మే హక్కు కోసం సర్కారు పెట్టే వేలంపాటల మీద, పాట జరగనివ్వలేదు, పాట ఆగితే సర్కారు ఖజానాకి గండే కదా, అందుకే సంక్షేమ శాఖకి పట్టని ఈ ఆడవాళ్ళు ఎక్సైజ్, పోలీసు కాగితాల్లో మాత్రం తగుల్తారు, పేర్లతో కాదులెండి, శాంతిభద్రతల సమస్యగా. మహిళలు అడ్డుపడటంతో పాట వాయిదా అని ఒక్క లైను ఉంటుంది అంతే. ఆ తేదీ పట్టుకుని అదే వారం జిల్లా పేపర్లు, శాసనసభ చర్చలు పక్కపక్కన పెట్టి చదవండి, ఏ ఊరి వాళ్ళు వచ్చారో అక్కడ బయటపడుతుంది. ఫైలు ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో జవాబు రావాలి, ఏ సంవత్సరం ఏ మండలం అన్నది స్పష్టంగా రాయకపోతే మాత్రం సమాచారం లేదని తిప్పి పంపేస్తారు.

ఇక ఊళ్ళలో ఇంటర్వ్యూలు. అసలు పని ఇక్కడే ఉంది. "ఉద్యమం గురించి చెప్పండమ్మా" అని అడిగారనుకోండి, పేపర్లో వచ్చిన కథే మళ్ళీ మీకు చెప్తారు, లేదంటే పక్కనే కూర్చున్న మగాయన అందుకుంటాడు. అలా కాకుండా అప్పట్లో కూలి ఎంత, ఎవరి చేతికిచ్చేవాళ్ళు, సారా ప్యాకెట్లు ఊళ్ళోకి ఎవరు తెచ్చేవాళ్ళు, అప్పు ఎక్కడ రాసుకునేవాళ్ళు అని అడగండి. ఒకావిడ నాతో మాట్లాడుతూ ప్యాకెట్ ధర, తన రోజు కూలి, ఇంట్లో బియ్యం ఖర్చు వేళ్ళ మీద లెక్కేసి చూపించింది, ఆ లెక్క ముందు నా దగ్గరున్న రిపోర్టులు ఎందుకూ పనికిరావనిపించింది. వీళ్ళు భర్తలు తాగుతున్నారని ఏడ్చిన ఆడవాళ్ళు మాత్రమే కాదు, సర్కారు తమ కూలి డబ్బు మీద ఎలా బతుకుతోందో అర్థం చేసుకున్న మనుషులు. థీసిస్‌లో ఇది బలంగా రాయండి దయచేసి, ఎందుకంటే చాలా చోట్ల మాతృమూర్తుల ఆగ్రహం అని రాసి వదిలేస్తారు, నాకు అది చాలా బాధగా ఉంటుంది. రాత్రిపూట జరిగే వయోజనుల అక్షరాస్యత క్లాసులో సారా మీద పాఠం చదివి ఉద్యమంలోకి లేచారు అనేది కూడా సగం నిజమే, క్లాసు వాళ్ళకి రాత్రిపూట ఒకచోట కూర్చునే వీలు ఇచ్చింది, కోపం మాత్రం అంతకుముందు నుంచీ ఉంది. ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు, మిగతా ఊళ్ళలో ముందు నడిచిన దళిత, బీసీ కూలీ ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళు ఒప్పుకుంటేనే, రాయండి.

తేదీలు కలిసిపోతాయి, కంగారు పడొద్దు. సారా నిషేధం 1993లో, ముందు నెల్లూరులో, తర్వాత అక్టోబర్‌లో రాష్ట్రమంతా వచ్చింది, సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చింది. ఊళ్ళో చాలామందికి ఈ రెండూ ఒకటే, రెండూ రామారావే చేశాడంటారు. అక్కడికక్కడ సరిదిద్దకండి, క్రెడిట్ ఎవరికి ఎలా చేరిందో అదే మీకు ఆధారం, ఫుట్‌నోట్‌లో అసలు తేదీ ఇవ్వండి చాలు. ఇలాంటి జ్ఞాపకాలని ఎలా వాడాలో చూడాలంటే స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం ఉంది, తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ళు చెప్పినవి.

ఇంకోటి, 1993 దగ్గర ఆపేయకండి. అదే నెల్లూరులో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలొచ్చాయి, సారా వద్దని సర్కారుని నిలదీసిన ఆడవాళ్ళే కొన్నేళ్ళకి బ్యాంకు లింకేజీ (సంఘాలకి బ్యాంకు అప్పులిచ్చే పథకం) లబ్ధిదారులయ్యారు, 1997లో సంపూర్ణ మద్యనిషేధం సడలించినప్పుడు ఆ సంఘాల్లో ఏం మాట్లాడుకున్నారు, ఎవరు వద్దన్నారు, ఎవరు ఊరుకోమన్నారు? సంఘాల పాత మినిట్స్ పుస్తకాలు కొన్ని లీడర్ల ఇళ్ళలోనే ఉంటాయి, అడిగితే చూపిస్తారు, ఫోటో తీసుకునే ముందు సంఘం మొత్తాన్ని అడగండి, లీడర్ ఒక్కరి మాట సరిపోదు.