నెల్లూరు–ఒంగోలు తీరం వెంట కారులో వెళ్తే ఎక్కడెక్కడ ఆగాలి?

జనవరిలో పిల్లలతో వస్తున్నామని, బీచ్‌లు, పక్షులు, గాలం వేసే చోట్లు అన్నీ ఒకే ట్రిప్పులో చూడాలని అడిగారు. మాది నెల్లూరే, ఈ తీరం వెంట తిరగడం నాకొక పిచ్చి. ముందే ఒక మాట చెప్పేస్తాను. విశాఖ–భీమిలి రోడ్డులా సముద్రాన్ని చూస్తూ బండి నడుపుకుంటూ పోదామనుకుంటే ఇక్కడ కుదరదు. హైవే సముద్రానికి దూరంగా పోతుంది. ఏ బీచ్‌కి వెళ్ళాలన్నా తూర్పుకి దిగి, బకింగ్‌హామ్ కాలువ దాటి వెళ్ళి, మళ్ళీ హైవే ఎక్కాలి. కాబట్టి రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోవద్దు.

మీరు ఊహించుకున్నలాంటి రోడ్డు నిజానికి నెల్లూరుకు దక్షిణాన ఉంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే దారి పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది, రెండు పక్కలా నీళ్ళే. జనవరిలో రాజహంసలు (ఫ్లెమింగోలు) గుంపులుగా దిగి, తల తలకిందులుగా నీళ్ళలో ముంచి మేస్తుంటాయి. ఒక్కోసారి రోడ్డుకు చాలా దూరంలో ఉంటాయి, బైనాక్యులర్ లేకపోతే గులాబీ రంగు గీత తప్ప ఏమీ కనబడదు. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు తిరిగే రోడ్డు కాబట్టి మధ్యలో బండి ఆపకుండా అటకానితిప్ప దగ్గర ఆగండి. షార్ గేటు దాటి పోవాలంటే అనుమతి ఉండాలి, అవతలి బీచ్ మీద ఆశ పెట్టుకోకండి.

వచ్చే దారిలోనే దొరవారి సత్రం దగ్గర నేలపట్టు పక్షుల అభయారణ్యం. పులికాట్‌లో రాజహంసలు మేతకే వస్తాయి, ఇక్కడ గూడబాతులు (పెలికన్లు) గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద తెల్లగా కిక్కిరిసి ఉంటాయి. వాసన మాత్రం ఘాటే! పిల్లలకు నాకు తెలిసి పులికాట్ కన్నా ఇదే నచ్చుతుంది, పక్షులు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి. పొద్దున ఎండెక్కకముందే చేరుకోండి.

ఇక బీచ్‌లు. నెల్లూరుకు దగ్గర మైపాడు, అందుకే ఆదివారం సాయంత్రం జనం, బజ్జీల బండ్లు. నాకైతే విడవలూరు వైపున్న రామతీర్థం ఇష్టం, గుడి ఉంది, సందడి తక్కువ. ఒంగోలు వైపు వెళ్తే సింగరాయకొండ దగ్గర పాకల, ఒంగోలుకు దగ్గర్లో కొత్తపట్నం. ఎక్కడైనా సరే, పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. మునిగిపోయిన వార్తలు ఈ తీరంలో వస్తూనే ఉంటాయి. ఏరు సముద్రంలో కలిసే చోట అసలు దిగొద్దు, పైకి ప్రశాంతంగా ఉన్నా లోపల లాగేస్తుంది.

గాలం సంగతి కొంచెం వివరంగా చెబుతాను. అలల్లోకి విసిరితే నాకు ఎక్కువగా తగిలేది జెల్లే. దాని ముల్లు గుచ్చుకుంటే నొప్పి గంటలకొద్దీ వదలదు, చేత్తో పట్టుకోకుండా కటింగ్ ప్లేయర్‌తో గాలం తీయండి. పండుగప్ప కావాలంటే సముద్రం కాదు, ఉప్పుటేళ్ళ దగ్గర ప్రయత్నించాలి. పోటు ఎక్కుతున్నప్పుడు చేపలు లోపలికి వస్తాయి, ఆ సమయం దాటితే ఊరికే కూర్చోవడమే. ఎర బతికున్న రొయ్యైతే మంచిది. కూర్చునే ముందు పక్కనున్న పాళెం (జాలరుల ఊరు) వాళ్ళని అడగండి, వాళ్ళ వలలు ఎక్కడున్నాయో వాళ్ళకే తెలుసు. తీరంలో పెద్ద వల లాగుతుంటే పిల్లల్ని కూడా తాడు పట్టుకోనిస్తారేమో అడిగి చూడండి, మా వాళ్ళకు అదే పెద్ద పండగ.

చేపలు కొనాలంటే పడవలు ఒడ్డుకొచ్చే పొద్దున వెళ్ళాలి. అక్కడ గంపల లెక్కన వేలం పాట పాడతారు, ఇంటికి రెండు కేజీలు కావాలంటే పాట పాడుకున్న అక్కల దగ్గర అడగడం తేలిక. ఐస్ పెట్టె తెచ్చుకోండి. మీరు ట్రిప్పు వేసవికి వాయిదా వేస్తే మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మర పడవలు కదలవు. ఆ రోజుల్లో ఒడ్డున దొరికేది తక్కువ, ధర ఎక్కువ.

ఒక్క రోజే వీలైతే ఒంగోలు వైపు వదిలేయండి. పొద్దున నేలపట్టు, ఆ తర్వాత పులికాట్, సాయంత్రానికి నెల్లూరు వచ్చి మామిడికాయ వేసిన చేపల పులుసు తినండి.