కబుకి నటుల వుడ్‌బ్లాక్ ప్రింట్లే కెరీర్ అవుతాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్‌ఏ మూడో ఏడాది. జపాన్ సంప్రదాయ నాటకం కబుకిలోని నటుల వుడ్‌బ్లాక్ ప్రింట్లంటే (చెక్కపై చెక్కి కాగితంపై అచ్చు వేసే బొమ్మలు) ప్రాణం. ఆ రంగంలోనే స్థిరపడతానంటోంది. దారి ఉందా?
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. కానీ అందులో ఏ పని చేస్తుందో ముందు అమ్మాయినే తేల్చుకోమనండి. 1794-95లో పది నెలలే పనిచేసి, తర్వాతి కాలంలో ఎంతో పేరు పొందిన చిత్రకారుడు షరాకు కూడా గీసింది బొమ్మ వరకే. చెక్కినవారు వేరు, అచ్చు వేసినవారు వేరు, అన్నీ నడిపించింది ప్రచురణకర్త త్సుతాయా జూజాబురో.

చేతిపని మీదే మనసుంటే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. పోస్టుకార్డంత బొమ్మ, గీతలకు ఒక బ్లాకు, రంగులకు మూడు చాలు. గీతల బ్లాకు మూలన ఎల్ ఆకారపు గాడి, అదే అంచున మరో తిన్నని గాడి చెక్కాలి. కాగితాన్ని ప్రతిసారీ అక్కడే ఆనించాలి. రంగుల బ్లాకులకు విడిగా ట్రేస్ చేస్తే గీతకు రంగు అతకదు. గాళ్లతో సహా గీతల బ్లాకు నుంచి తీసిన అచ్చునే వాటిపై అంటించి చెక్కాలి. కాగితాన్ని ముందురోజు రాత్రే సమంగా తడిపి ప్లాస్టిక్‌లో చుట్టి ఉంచాలి. మన ఎండల్లో ఫ్యాను కింద పెట్టుకున్నారా, పని మధ్యలో కాగితం ఆరి కుంచించుకుపోతుంది, మూడో రంగు పక్కకు జరుగుతుంది. బియ్యప్పిండి జిగురు చాలకపోతే రంగు చుక్కలుచుక్కలుగా పడుతుంది. అసలు పరీక్ష నుదుటి దగ్గరి సన్నని వెంట్రుకలు చెక్కడం. జపాన్‌లోనూ కొత్తవారికి దుస్తుల గీతలే ఇచ్చేవారు, తల చెక్కే పని ఆరితేరినవారిదే. టోక్యోలోని అదాచి సంస్థ ఈ చేతిపనిలో యువతకు శిక్షణ ఇస్తుంది గానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

నా ఓటు పరిశోధనకే, అంటే బొమ్మలోని నటుడెవరు, అది ఎప్పటిది అని తేల్చే పనికి. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు కనిపిస్తే అది ఇచికావా దంజూరో అనే కబుకి నటుల వంశ చిహ్నం. అన్నీ ఇంత తేలిక కాదు. 1842లో నటుల బొమ్మలను నిషేధించాక చాలా ఏళ్లు బొమ్మలపై నటుల పేర్లు వేయలేదు. ముఖం పోలిక, నాటకం, సెన్సారు ముద్ర కలిపి చూస్తేనే తేదీ తేలుతుంది. దానికి కుజుషిజి అనే పాత గొలుసుకట్టు లిపి చదవగలగాలి. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో పైస్థాయి అయిన ఎన్2 పాసైనా అది రాదు. ఒసాకా విశ్వవిద్యాలయం వారి కూలా యాప్‌తో ఆ లిపి నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. వసేదా థియేటర్ మ్యూజియం, రిత్సుమేకాన్ ఆర్ట్ రీసెర్చ్ సెంటర్ డేటాబేసుల్లో ప్రింట్లు ఉచితంగా చూడవచ్చు.

పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్ ఉంది. విశ్వభారతిలో అయితే కళాభవన్‌లో ప్రింట్‌మేకింగ్, నిప్పన్ భవన్‌లో జపనీస్ ఒకే ప్రాంగణంలో దొరుకుతాయి. నేనైతే అదే ఎంచుకోమంటాను. మన దేశంలో ఈ ప్రింట్ల కోసమే ఉద్యోగాలుంటాయని ఆశించవద్దు. పేపర్ కన్జర్వేషన్ (పాత కాగితపు కళాకృతులను పాడవకుండా కాపాడే పని) కూడా నేర్చుకుంటే మ్యూజియాల్లో పనికొస్తుంది. పాత ప్రింట్లలోని కుసుమపువ్వు ఎరుపు, పూల నీలం వెలుతురుకే వెలిసిపోతాయి, అందుకే ప్రదర్శనలో వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు.

ఆ తర్వాత జపాన్ విద్యాశాఖ (మెక్స్ట్) ఇచ్చే రీసెర్చ్ స్కాలర్‌షిప్. వయసు 35 లోపు ఉండాలి. ఎంబసీ ద్వారా దరఖాస్తులు సాధారణంగా ఏప్రిల్, మే ప్రాంతంలో ఉంటాయి. ‘కబుకి ప్రింట్లపై పరిశోధన’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఒక చిత్రకారుడు, ఒక నాటకశాల, నాలుగైదేళ్ల కాలం అని గిరి గీసుకుని రాయమనండి.