ఇంగ్లీషు నుంచి గ్రీకులోకి: మేనకోడలికో ఉత్తరం

ఏథెన్స్

అమ్మలూ,

నీ మెయిలు చూశాను. మొదటి పని చేతికొచ్చిందన్న సంతోషమూ కనిపించింది, భయమూ కనిపించింది. ఒక క్లినిక్ వాళ్ల యాప్‌లో వచ్చే మాటలు, ఎక్సెల్ షీట్‌లో మూడొందల వరుసలు, ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు నువ్వు గ్రీకు నింపాల్సిన ఖాళీ గడులు. "అత్తా, ఒక్కో మాటకి డిక్షనరీలో ఆరేడు అర్థాలున్నాయి, ఏది వేయాలో తోచట్లేదు" అన్నావు. నువ్వు థెస్సలోనికీలో పుట్టి పెరిగినదానివి, గ్రీకు నాకంటే నీకే బాగా వచ్చు. నేను పాతికేళ్ల వయసులో ఇక్కడికొచ్చి నేర్చుకున్నదాన్ని. కానీ ఈ పనిలో ఇరవై ఎనిమిదేళ్లు గడిపాను కాబట్టి కొన్ని సంగతులు చెప్పగలను. మీ అమ్మ నీకు తెలుగు చదవడం నేర్పింది, అందుకే తెలుగులోనే రాస్తున్నాను. ఈ పనిలో నీకు తెలుగు ఎంత అక్కరకొస్తుందో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ముందుగా, డిక్షనరీ మూసేసి క్లినిక్ వాళ్లకి ఒక మెయిలు పెట్టు. ప్రతి మాటా యాప్‌లో ఎక్కడ కనిపిస్తుందో చూపించే స్క్రీన్‌షాట్లు అడుగు. షీట్‌ని అక్షరక్రమంలో పేర్చి ఉంటే, అసలు వరుసలో ఉన్న కాపీ ఇమ్మను. ఇదెందుకు చెబుతున్నానంటే, నేను పనిలోకి వచ్చిన రెండో ఏడు ఒక ఆసుపత్రి ఫారాలు అనువాదం చేశాను. వాటిలో 'డిశ్చార్జ్' అని ఒక్క మాట ఉంది. పైవరుసలో 'డైట్', కిందివరుసలో 'డాక్టర్'. ఆసుపత్రి ఫారమే కదా అని, రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితానికి గ్రీకులో ఉన్న 'ఎక్సితీరియో' అన్న మాట వేసేశాను. నిజానికి ఆ గడి, ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పి చూసే నర్సు నింపేది. అసలు ఫారంలో దాని పక్కన 'ఎరుపు', 'వాపు' ఉన్నాయి. అంటే అక్కడ కావాల్సింది పుండు నుంచి కారే రసి, గ్రీకులో 'ఎక్రిమా'. అచ్చుకి వెళ్లేముందు ఒక నర్సు చూసి, "ఈ గడిలో రోగిని ఇంటికి పంపామో లేదో రాయాలా?" అని అడిగింది. ఆవిడ అడగకపోతే ఆ తప్పు ఎన్ని మంచాల దగ్గరికి వెళ్లేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. బ్యాటరీ చార్జి దిగిపోతే అది 'ఎక్ఫోర్తిసీ', జైలు నుంచి విడుదలైతే 'అపోఫిలాకిసీ'. ఇంగ్లీషులో మాత్రం నాలుగూ డిశ్చార్జే. మాట ఒంటరిగా ఉన్నప్పుడు దానికి అర్థం ఉండదు తల్లీ, పక్కన ఉన్న మాటలే దానికి అర్థం ఇస్తాయి.

నీ షీట్‌లోనూ అలాంటివి ఉంటాయి. 'హిస్టరీ' అని ఉంటే 'ఇస్తోరియా' వేయకు, రోగి పాత జబ్బుల వివరాలని 'ఇస్తోరికో' అంటారు. 'టెంపరేచర్' గది గురించైతే 'థెర్మోక్రాసియా', మనిషికి ఉందంటే అది జ్వరం, 'పిరెతోస్'. 'డ్రగ్' మందైతే 'ఫార్మకో', మత్తు పదార్థమైతే 'నర్కోతికో'. ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. 'ఓపెన్' అని ఉంటే అది నొక్కే బటనా, క్లినిక్ తెరిచి ఉందని చెప్పే మాటా? బటనైతే గ్రీకు సాఫ్ట్‌వేర్‌లో నామవాచకం వేయడం ఆనవాయితీ, 'ఆనిగ్మా' అంటారు. తలుపులు తెరిచి ఉన్నాయనడానికైతే 'అనిఖ్తో'.

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పదలుచుకున్న సంగతి. ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడు నేరుగా గ్రీకులోకి దూకకు. మనసులో ఒకసారి తెలుగులో అనుకో. ఇంగ్లీషు ఒకే మాటలో కుక్కి పెట్టినవాటిని తెలుగు చాలాచోట్ల విడదీస్తుంది, గ్రీకూ విడదీస్తుంది. చిత్రంగా, రెండూ చాలాసార్లు ఒకేచోట విడదీస్తాయి.

'పీపుల్' సంగతే చూడు. తెలుగులో అనుకోగానే ప్రజలా, జనమా, మనుషులా అని నువ్వు తేల్చుకోక తప్పదు. గ్రీకులోనూ మూడున్నాయి. 'లఓస్' అంటే ప్రజలు, ఓటేసేవాళ్లు, ఒక జాతి. 'కోజ్మోస్' అంటే జనం, సంతలో కిటకిటలాడేవాళ్లు. 'ఆంథ్రోపి' అంటే మనుషులు. అంతటితో అయిపోలేదు. కోజ్మోస్‌కి లోకం అన్న అర్థం కూడా ఉంది. మీ నాయనమ్మ "లోకం ఏమంటుందే?" అనేది గుర్తుందా? నేను ఇక్కడికొచ్చిన కొత్తలో మా ఇంటి ఓనరుగారు కూతురిని కోప్పడుతూ "తి థా పి ఓ కోజ్మోస్" అనడం విన్నాను. మాటకి మాట అదే. 'పీపుల్' అన్న మాటని అక్కడ ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని ఉంటే ఆ రుచి నాకు దొరికేది కాదు.

'టైమ్' కూడా అంతే. "టైమెంత?" అన్నప్పుడు 'ఓరా'. "మూడుసార్లు" అన్నప్పుడు 'ఫోరా', అదే మన 'సారి'. చాలా కాలమైంది అన్నప్పుడు 'కెరోస్'. ఈ కెరోస్‌కి వాతావరణం అన్న అర్థం కూడా ఉంది, మన 'కాలం' వానాకాలంలోకి వెళ్లినట్టు. ఇక 'ఖ్రోనోస్' అంటే గడిచే కాలమూ, ఒక సంవత్సరమూ. మందుల చీటీలో 'త్రీ టైమ్స్' ఉంటే ఫోరా తప్ప ఇంకోటి పనికిరాదు.

ఇంకోటి. అమెరికా అధ్యక్షుడి భవనాన్ని తెలుగు పేపర్లు తెల్ల ఇల్లు అనవు, శ్వేతసౌధం అంటాయి. గ్రీకులూ అచ్చం అంతే. ఇంటి గోడ 'ఆస్ప్రో', కానీ ఆ భవనం 'లెఫ్కోస్ ఈకోస్'. రోజూ తాగే నీళ్లు 'నెరో', పాత గ్రంథాల భాషలో 'ఈదోర్'. తాగే వైను 'క్రసీ', సీసా మీది కాగితంలో 'ఈనోస్'. మనకి నీళ్లూ జలమూ ఉన్నట్టు, వాళ్లకీ వాడుక మాట ఒకటి, పెద్దల కాలం నాటి మాట ఒకటి. 1976 వరకూ బడుల్లోనూ ఆఫీసుల్లోనూ పాత ధోరణి గ్రీకు, కథరేవూసా, అధికారంగా నడిచింది. మన గ్రాంథికం, వ్యావహారికం గొడవ తెలిసినవాళ్లకి దీన్ని వేరే వివరించక్కర్లేదు. యాప్‌లో వాడుక మాటే వేయి, ముసలివాళ్లు కూడా వాడేది కదా.

తెలుగు తోడు రానిచోట్లు కూడా ఉన్నాయి, అక్కడ జాగ్రత్త. చెయ్యి విషయం తీసుకో. ఇంగ్లీషు మణికట్టు కిందిదాన్ని ఒక మాటతో, పైదాన్ని ఇంకో మాటతో చెబుతుంది. మనకి మొత్తం చెయ్యే, గ్రీకులోనూ మొత్తం 'ఖేరి'. అలాగే మన కాలు, వాళ్ల 'పోది'. ఆ పోది, మన పాదం ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలే, అయినా పోది తొడ దాకా పాకుతుంది. నొప్పి ఎక్కడో వేలితో చూపించే బొమ్మ గనక యాప్‌లో ఉంటే, పాదం వరకే చెప్పడానికి డాక్టర్లు వాడే 'ఆక్రోస్ పోదస్' లాంటి మాట కావాలి. ఎవరైనా డాక్టరుకి చూపించి ఖాయం చేసుకో.

క్రియల దగ్గర ఇంకా జాగ్రత్త. 'టేక్ వన్ టాబ్లెట్' అంటే ఒక్కసారి వేసుకోమనా, రోజూ వేసుకుంటూ ఉండమనా? ఇంగ్లీషు చెప్పదు. గ్రీకులో ఒక్కసారికి 'పార్తె', అలవాటుగా అయితే 'నా పెర్నెతె'. మనం వేసుకోండి, వేసుకుంటూ ఉండండి అని అంటాం కదా, అదే తేడా. వాక్యంలో 'రోజూ' అని ఉందో లేదో చూడు. లేకపోతే అడుగు, ఊహించకు.

గ్రీకు మొహంతో కనిపించే ఇంగ్లీషు మాటల్ని అసలు నమ్మకు. 'ఎంపతీ' గ్రీకు నుంచి వచ్చినట్టే ఉంటుంది. కానీ ఇవాళ్టి గ్రీకులో 'ఎంబాథియా' అంటే కక్ష, ద్వేషం. రోగి బాధని తన బాధగా చూడటానికి 'ఎన్సినేస్థిసీ' అనాలి. 'అపాలజీ'కి 'అపోలోయియా' వేశావో, ముద్దాయి కోర్టులో తన తరఫున చెప్పుకునే మాట అవుతుంది. క్షమాపణ 'సిగ్నోమీ'.

'ఫ్రీ' దగ్గర కాసేపు ఆగు. సంప్రదింపు ఉచితమైతే 'దొరేయాన్', ఇందులోని 'దొ', మన దానంలోని 'దా' ఒకే మూలంవి. చక్కెర లేనిదైతే 'ఖోరిస్ జాఖరి'. డాక్టరు ఆ గంటకి ఖాళీగా ఉంటే 'దియాథెసిమోస్' అను. స్వేచ్ఛగా ఉన్నవాడనే అర్థమిచ్చే 'ఎలెఫ్థెరోస్' అన్నా తప్పు కాదు, కానీ మనిషి పక్కన ఆ మాట పెడితే పెళ్లికానివాడన్న అర్థం కూడా వస్తుంది. మ్యూజియం గుమ్మం మీద మాత్రం ఉచిత ప్రవేశానికి ఎలెఫ్థెరోస్ నుంచి వచ్చిన మాటే రాస్తారు. వాడుక అలా స్థిరపడింది, అక్కడ వాదన పనికిరాదు.

'యూ' గురించి నీకు చెప్పాలా? 'ఎసీ', 'ఎసీస్' అంటే మన నువ్వు, మీరు. రోగితో మాట్లాడే యాప్ మీరు అనాలి. షీట్ మొదట్లో ఒకటి, చివర్లో ఇంకోటి రాకుండా చూసుకో. మూడొందల వరుసలు నింపేసరికి అలసిపోతాం, ఇలాంటివి జారిపోయేది అప్పుడే.

డిక్షనరీల మాటకొస్తే, ఇంగ్లీషు-గ్రీకు డిక్షనరీలో దొరికిన మాటని గ్రీకు-గ్రీకు నిఘంటువులో మళ్లీ వెతుకు. థెస్సలోనికీలోనే 1998లో తయారైన త్రియాండాఫిలీదిస్ సంస్థ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, ప్రతి అర్థానికీ ఉదాహరణ వాక్యాలిస్తుంది. ముందు ఆ వాక్యాలు చదువు, అర్థాలు తర్వాత. చట్టం మాటలు, మందుల మాటలైతే యూరోపియన్ యూనియన్ వాళ్ల పదకోశం 'ఇయాతె' (IATE) చూడు. 1981లో గ్రీసు అప్పటి యూరోపియన్ కమ్యూనిటీలో చేరినప్పటి నుంచీ అక్కడ గ్రీకు అధికార భాష కాబట్టి చాలా మాటలు దొరుకుతాయి.

స్క్రీన్‌షాట్లు వచ్చాక కూడా ఇరవయ్యో ముప్పయ్యో వరుసలు తేలకుండా మిగులుతాయి. వాటికి పసుపు రంగు వేసి, పక్కన నీ సందేహం గ్రీకులో రాసి వాళ్లకే పంపు. అడిగితే చులకన అవుతానేమో అనుకోకు, నిన్ను మళ్లీ పిలిచేది అందుకే.

నీ మెయిల్లో నలభై రెండో వరుస 'లైట్' అని, దీపమా, తేలికా, లేతరంగా అని అడిగావు. దాని పైవరుసలో ఏముందో రాయలేదు. అది చూసి చెప్పు, ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
మీ అత్త